చర్చిలో చిరుత

ఆదివారం ఉదయం ఎనిమిదింబావుకి దానియేలు చర్చి తాళం తీసి, కొత్త సౌండ్ బాక్స్ స్విచ్ వేసి, ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పథకం చిన్నది. తొమ్మిదిన్నరకి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నొక్కితే చాలు, గోడవతల చర్చిలో పాటలు మొదలవుతాయి. వైరు లేదు, గరగర లేదు. అంతా బ్లూటూత్.

ఆ బాక్స్ కోసం అతను నెలరోజులు కొట్లాడాడు. కొట్లాడింది విన్సెంట్‌తో. ఇరవై రెండేళ్లుగా చర్చి మైకు చూసుకుంటున్న పెద్దమనిషి విన్సెంట్. "ఆ డబ్బాను నేను ముట్ట. ఒక్క ఆదివారం ఆగమైతే చాలు, నా పాత సెట్టు తెచ్చి పెడ్త" అని సంఘం అందరి ముందు ప్రకటించాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. కొత్త బాక్స్‌కి ఇదే మొదటి ఆదివారం.

"డాడీ, ఫోన్ జర ఇయ్యి. సైన్స్ ప్రాజెక్ట్" అంది ఆరో తరగతి హెప్సిబా. అడవి జంతువుల అరుపులు వినిపించే పిల్లల వెబ్‌సైట్ ఒకటుంది. అందులో ఐదు అరుపులు విని, తేడాలు రాసుకురమ్మన్నారు టీచర్. దానియేలు ఫోనిచ్చి, తల దువ్వుకోవడానికి అద్దం ముందుకి వెళ్లాడు.

తొమ్మిదీ ఐదు. రంపంతో మొద్దు కోసినట్టు బయట ఒక గర్జన. దానియేలు చేతిలో దువ్వెన కిందపడింది.

"ఏందే అది?" వంటింట్లోంచి సుశీల గరిటెతో సహా వచ్చింది.

"చిరుత మమ్మీ. నేను ఇందుల చిరుత బొమ్మ నొక్కిన. ఫోన్ల సౌండు రాలే. బయట అరిసింది."

"నువ్వు నొక్కితే అదెందుకు అరుస్తది?"

"మనకు వినపడని సౌండ్లు జంతువులకు వినపడతయట. ఇక్కడ రాసున్నది. మనకు వినపడ్తలేదు, దానికి వినపడ్తాంది. జవాబిస్తాంది."

కూతురి చదువంటే దానియేలుకి మహా నమ్మకం. "మళ్ల నొక్కు" అన్నాడు. నొక్కింది. గర్జన వచ్చింది.

"సౌండు ఫుల్ పెడ్త ఆగు" అని హెప్సిబా మళ్లీ నొక్కింది. ఈసారి కిటికీ అద్దాలు అదిరాయి.

"దగ్గరికొచ్చింది!" సుశీల కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది.

దానియేలు గోడకి చెవి ఆనించాడు. అరుపు చర్చిలోంచి వస్తోంది. తను తాళం తీసిన చర్చిలోంచి.

వీధిలో తలుపులు ధడేల్, ధడేల్ మని మూసుకున్నాయి. ఎదురింటి మేడమీంచి చిలుకమ్మ అరిచింది. "దానేలూ! ములుగు అడివిల నుంచి వచ్చినట్టున్నది! ఆరు గంటలకే కుక్కలు మొరిగినయి!" ఆమె భర్త వెంకట్రాజం మగ్గం కర్రతో గడప దాకా వచ్చి, అక్కడే ఆగాడు. సుశీల తన ఫోన్‌తో అటవీ శాఖకి ఫోన్ కలిపింది.

దానియేలు తాళం అందుకుని పరిగెత్తాడు. చర్చి తలుపు దగ్గరికి వేసి ఉంది. గొళ్లెం లాగాడు. తాళం వేశాడు. మేడమీంచి చప్పట్లు వినిపించాయి.

"మొగోడివిరా దానేలూ!"

మరుక్షణమే లోపల్నుంచి తలుపు మీద ఢాం అని దెబ్బ పడింది. దానియేలు వెనక్కి దూకాడు. దూకినప్పుడు కాలికేదో తగిలింది. కిందికి చూశాడు.

చెప్పులు. ఒకే ఒక్క జత. ఎడమదానికి నల్లదారంతో కుట్టు. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి జంపఖానాలు పరిచే మనిషివి.

విన్సెంట్‌వి.

వెంకట్రాజం మెల్లగా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు ఆయనకు లొల్లి ఉన్నది గదా?"

"ఉంటే?"

"ఏం లే. పోలీసోళ్లు అడుగుతరు."

దానియేలు తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాడు. అంతలో ఇంటి కిటికీలోంచి హెప్సిబా కేక. "డాడీ! ఎలుగుబంటి నొక్కిన. అదిగూడ లోపలున్నది!" చర్చిలో ఎలుగుబంటి గుర్రుమంది. "దుమ్ములగొండి నొక్కాల్నా?"

"వద్దే!"

అప్పటికే నొక్కేసింది. దుమ్ములగొండి వికవికా నవ్వింది. వెంకట్రాజం కర్ర పారేసి మేడెక్కేశాడు. తలుపు మీద దెబ్బలు ఇంకా పెరిగాయి.

అటవీ శాఖ జీపు వచ్చేసరికి తొమ్మిదీ నలభై ఐదు. వలతో దిగిన రాజేశ్వర్ రావు ఒకటే ప్రశ్న వేశాడు. "ఎన్ని?"

"మూడు రకాలు సార్. ఒక మనిషి."

"చిరుత, ఎలుగుబంటి, దుమ్ములగొండి ఒక్క రూములనా? నా సర్వీసుల ఎన్నడు చూడలే" అంటూ రాజేశ్వర్ రావు జీపు వెనక్కి జరిగాడు.

అప్పుడే తలుపు మీద దెబ్బలు ఆగిపోయాయి. మేడలమీద గుసగుసలు కూడా ఆగిపోయాయి. హెప్సిబా మళ్లీ నొక్కిన దుమ్ములగొండి నవ్వు ఒక్కటే మిగిలింది. అది గర్జనకంటే ఘోరంగా ఉంది. సుశీల కిటికీ దగ్గర మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టింది.

"నేనే వేసిన. నేనే తీస్త" అన్నాడు దానియేలు. తాళంచెవి రెండుసార్లు జారింది. "హెప్సీ, ఇగ వాటిని పలకరించకు బిడ్డా! ఫోన్ మీదికెల్లి చెయ్యి తియ్యి!"

హెప్సిబా చెయ్యి తీసింది. ఇందాకటినుంచి ఏ అరుపునీ చివరిదాకా సాగనివ్వకుండా నొక్కుతూ వచ్చిన పిల్ల మొదటిసారి ఊరుకుంది. దుమ్ములగొండి తీరిగ్గా నవ్వడం పూర్తిచేసి, గొంతు సవరించుకుని, తియ్యటి ఆడగొంతుతో మాట్లాడింది.

"పిల్లలూ! దుమ్ములగొండి నవ్వు భలే ఉంది కదూ? ఇక ఏనుగు మావయ్య ఏమంటాడో విందామా?"

రాజేశ్వర్ రావు చేతిలో వల జారిపోయింది. దానియేలు తాళం పట్టుకుని కొయ్యబారిపోయాడు. చర్చి లోపల ఏనుగు ఘీంకరించింది. ఆ ఘీంకారం మీదుగా ఇంకో గొంతు వచ్చింది.

"హలో, హలో. మైక్ టెస్టింగ్. దానేలూ, ముప్పావుగంట నుంచి తలుపు గుద్ది గుద్ది చేతులు పడిపోయినయి. ఈ అరుపులల్ల నా కేక ఎవలకు వినపడలే. డబ్బాను ముట్టనని మాటిచ్చిన గనుక బంద్ చెయ్యలే. మైకు ఒక్కటే ముట్టిన. తలుపు తియ్యి."

తలుపు తెరుచుకుంది. విన్సెంట్ చెమటతో తడిసి బయటికొచ్చాడు. ఇన్నాళ్ల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. దానియేలు తలొంచుకున్నాడు. "అన్నా, తప్పయింది. పొయ్యి నీ పాత సెట్టు తెస్త."

"వద్దు."

"ఏందన్నా?"

"ఎలుగుబంటి నా వెనకనే ఉన్నదనుకొని బల్లకిందికి దూరిన. నా సెట్టుల పాస్టరు గొంతు గూడ అంత క్లియర్‌గ రాలే. ఇదే ఉండనీ."

పది గంటలకు ఆరాధన మొదలైంది. చిరుతను చూడ్డానికొచ్చిన వీధంతా లోపలే కూర్చుండిపోయింది. ఆ చర్చిలో కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడి, పేరూ ఊరూ చెప్పి చప్పట్లు అందుకోవడం ఆచారం.

వల చంకలో పెట్టుకుని రాజేశ్వర్ రావు కూడా లేచి నిలబడ్డాడు.