పెద్దవాళ్ళ పల్చటి ల్యాప్‌టాప్

కుర్చీకి తలదిండు ఉన్నవారికి శక్తిమంతమైన ల్యాప్‌టాప్, లేనివారికి మామూలు ల్యాప్‌టాప్ ఇవ్వాలని యాజమాన్యం బాగా ఆలోచించి నిర్ణయించింది. నిర్ణయం న్యాయమైనదే. మనిషి చేసే పని రోజుకో రకంగా ఉంటుంది, ఒక్కోరోజు అసలు ఉండదు. కుర్చీ అలా కాదు. ఉన్నచోటే ఉంటుంది, తడిమి చూస్తే కాదనదు. స్టోర్స్ ఆయన హాలంతా తిరిగి, ప్రతి కుర్చీ వెనకా కాసేపు నిలబడి, దిండు ఉందో లేదో నొక్కి చూసి రాసుకున్నాడు. ఒక పెద్దమనిషి కుర్చీ అదే వారం మరమ్మతుకు వెళ్ళి ఉండటంతో, ఆయన ఉద్యోగంలో ఉన్నట్టా లేనట్టా అన్న సంగతి పై కమిటీ తేల్చవలసి వచ్చింది.

అది భవనాల నమూనాలు గీసే సంస్థ. సమీక్షించేవారు, సమన్వయం చేసేవారు, ఆమోదించేవారు, ఆమోదాన్ని పునఃపరిశీలించేవారు అందులో చాలామంది ఉన్నారు. గీసే మనిషి మాత్రం ఒక్కర్తే. ఆఫీసంతా ఆమెను గీతలమ్మ అంటారు. ఆమె కుర్చీకి తలదిండు లేదు. చేతులు కూడా లేవు. వాటిని ఎవరో అవసరంలో ఉన్నవారు ఇంకో కుర్చీకి తగిలించుకున్నారు.

కొత్త ల్యాప్‌టాపులు వచ్చాయి. డైరెక్టరుగారు తన దాంట్లో టైము చూసుకునేవారు. ఎదురుగా గోడ గడియారం ఉంది గాని దానికి అంత శక్తి లేదు. మేనేజరు తన దాని మీద కళ్ళజోడు పెట్టుకునేవాడు. గీతలమ్మ తనకిచ్చిన మామూలుదాన్ని తెరిచి, పిల్లల ఆసుపత్రి డ్రాయింగు మీద నొక్కింది. పునాది వచ్చింది. గోడలు లేవబోతుండగా తెర తెల్లబడింది. ఆమె వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది. ఒక గోడ లేచింది. కిటికీ దగ్గర కాసేపు నిలబడి వచ్చింది. లేచిన గోడ పోయింది.

ఆసుపత్రి కట్టించేవాళ్ళు నెలాఖరుకు వస్తామన్నారు. కట్టకముందే ఆ భవనంలో గుమ్మంలోంచి మెట్ల దాకా తెర మీదే నడిచి చూడాలని వాళ్ళ కోరిక. గీతలమ్మ ఒప్పందం కూడా ఆ నెలాఖరుకే ముగుస్తుంది. ఆ నడక సవ్యంగా సాగితే ఇంకో ఏడాది ఉద్యోగం, లేకపోతే పూలగుత్తి. ఇంట్లో జీతమంటూ వచ్చేది ఆమె ఒక్కదానికే.

మెరుగైన యంత్రం కావాలని ఆమె అర్జీ పెట్టుకుంది. జవాబు త్వరగానే వచ్చింది. "అవసరం అనేది వ్యక్తిగత విషయం. అర్హత అనేది సంస్థాగత విషయం. వ్యక్తిగత విషయాలను ఆఫీసు వేళల్లో ప్రస్తావించరాదు." అంత స్పష్టంగా రాయగలవారు ఇవాళారేపు అరుదు. అయినా ఆమెకు తృప్తి కలగక నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళింది.

"సార్, ఇందులో డ్రాయింగు తెరుచుకోవట్లేదు."

"తెరవడం ఎందుకమ్మా. పూర్తిచేసి ఇవ్వండి, చాలు."

ఆ మాట అంటున్నంతసేపూ ఆయన అరచెయ్యి తన ల్యాప్‌టాప్ మూత మీద మెల్లగా తిరుగుతూనే ఉంది, పడుకున్న పిల్లిని నిమిరినట్టు. గీతలమ్మ ఆ చేతినే చూసింది. గోడలో పగులు ఎక్కడ మొదలైందో వెతికే కళ్ళు ఆమెవి. మనుషుల్ని కూడా అలాగే చూస్తుంది, అందుకే ఆఫీసులో ఆమెకు స్నేహితులు తక్కువ. ఈయనకు కావలసింది యంత్రం కాదు, అనుకుంది. ఇది అవతలివాడికి లేకపోవడం కావాలి. ఆయనకు ఉన్నదాన్ని ఎవరూ లాక్కోలేరు. ఏది లేకపోతే గొప్పో, దాన్ని మాత్రం ఒక్క మాటతో ఎవరైనా మార్చేయొచ్చు.

అకౌంటెంటు నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సద్గుణం ఆయన్ని సంస్థకు ఎంతో దగ్గర చేసింది. టీ దగ్గర ఆయన పక్కనే నిలబడి ఆమె అంది:

"మీకిచ్చింది చూసి బాధేసిందండీ."

"అదేంటి గీతలమ్మగారూ, అన్నిటికన్నా పెద్దదే ఇచ్చారు కదా."

"అదేనండీ. పెద్ద పెద్ద కంపెనీల్లో పైవాళ్ళు అలాంటివి ముట్టుకోరట. అవి పనివాళ్ళకి. లోపల ఫ్యాను అంత గోల చేస్తుందా లేదా? మోసేవాడేగా రొప్పేది."

"మరి పైవాళ్ళకో?"

"చిన్నది. పల్చగా ఉంటుంది. అందులో ఏదీ నడవదు. నడపాల్సిన ఖర్మ నాకు లేదని చెప్పడానికేగా అది."

అకౌంటెంటు టీ సగంలో వదిలేశాడు. అంతకు మించి ఆమె ఏమీ చెయ్యలేదు. విత్తనం వేశాక మట్టి తవ్వి చూడకూడదని ఆమెకు తెలుసు.

మర్నాటి సమావేశంలో డైరెక్టరుగారు విహారయాత్ర ఫోటోలు తెరిచారు. ల్యాప్‌టాప్ ఫ్యాను బుస్సుమంది. గదిలో అందరూ ఒక్కసారి అటు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. నలుగురిలో కడుపు గుడగుడలాడిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయన ముఖం అలా అయింది. మూత వేశారు. మూత వేసినా ఫ్యాను కాసేపు రొప్పింది. మేనేజరు తన దాన్ని బల్ల కింద కాళ్ళ మధ్యకు జరుపుకున్నాడు.

వారం తిరక్కుండా ఉపన్యాసం వెలువడింది. "మిత్రులారా," అన్నారు డైరెక్టరుగారు, "యంత్రానికి శక్తి కావాలంటే అర్థం ఏమిటి? మనిషిలో లేదని. నేను చిన్నప్పటినుంచీ నిరాడంబరుణ్ణి. ఈ ఖరీదైన వస్తువును ఇంతకాలం మీ గౌరవం కోసం భరించాను. ఇకమీదట త్యాగం చేయదలిచాను." చప్పట్లు మోగాయి. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే కొత్త ఉత్తర్వు వచ్చింది. పల్చటి ల్యాప్‌టాపులు తలదిండు ఉన్నవారికి. బరువైనవి, అంటే ఇకపై శ్రమయంత్రాలుగా వ్యవహరింపబడేవి, తక్కినవారికి.

గీతలమ్మ తన యంత్రాన్ని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. నొక్కింది. ఆసుపత్రి లేచి నిలబడింది. గోడలు, కిటికీలు, పిల్లల మంచాల పక్కన అమ్మలు కూర్చునే అరుగులు, ఎండ ఏ పూట ఎక్కడ పడుతుందో అదీ. ఆమె తలుపు తోసుకుని లోపలికి నడిచింది. అలా నడిచేటప్పుడు కాసేపు తన పేరు, తన ఒప్పందం, తన కుర్చీ ఏవీ గుర్తులేవు. సుఖం అంటే అదేనేమో అని తర్వాత అనుకుంది. అప్పుడు మాత్రం అనుకోలేదు, కాబట్టి నిజంగా సుఖమే అయుండాలి.

నెలాఖరుకు కట్టించేవాళ్ళు వచ్చి మెట్ల దాకా నడిచారు. మెచ్చుకున్నారు. పై అంతస్తు కూడా ఇలాగే గీసివ్వమన్నారు. ఇంకో ఏడాది ఉద్యోగం ఖాయమైంది. కథ ఇక్కడ ఆగితే అందరికీ బాగుండేది.

ఈలోగా నిరాడంబరత సంస్థలో అగ్గిలా పాకింది. మేనేజరు డైరెక్టరుగారి దానికన్నా తక్కువ శక్తి గలది సంపాదించాడని గొడవ జరిగి, ఆయన చేత క్షమాపణ రాయించారు. ఒకాయన తన దాంట్లో ఒక్క ఉత్తరమే తెరుచుకుంటుందని చెప్పుకుంటే, ఇంకొకాయన తనది ఆన్ కూడా కాదని చెప్పి పదోన్నతి పొందాడు. అకౌంటెంటు ఖాళీ సంచీతో రావడం మొదలుపెట్టాడు. సంచీ కూడా లేకుండా డైరెక్టరుగారు వచ్చిన రోజున హాలంతా లేచి నిలబడింది. ఎవరి దాంట్లోనూ ఏదీ తెరుచుకోదు గనక, తెరవవలసినవన్నీ గీతలమ్మకు పంపేవారు. "కాస్త మీ శ్రమయంత్రంలో చూడండి," అనేవారు, చెప్పులు విప్పే చోటు చూపించినట్టు.

ఆమె నవ్వుకునేది. ఆ నవ్వు ఆమెకు కొన్నాళ్ళు సరిపోయింది.

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చింది. కుర్చీ మీద ఉన్న ల్యాప్‌టాప్ సంచీని పక్కకు జరపబోయి ఆగింది.

"ఏంటి వదినా, ఇంత బరువు? ఇంకా ఇలాంటిదే ఇచ్చారా నీకు?"

"నా పనికి ఇదే కావాలి."

"అలా అనుకోవాల్లే. పైవాళ్ళెవరూ ఇవి ముట్టుకోరట కదా. మోసేవాడేగా రొప్పేది అంటారు. మా ఆయనకి మొన్ననే పల్చటిది ఇచ్చారు. అందులో ఏదీ నడవదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కొత్త నగ చూపించే మెరుపుంది.

గీతలమ్మకు ఆ వాక్యం తనదేనని తెలుసు. మాట పొల్లుపోలేదు. నవ్వాలి, నిజానికి. నవ్వు వచ్చే చోటు వెతికింది. అక్కడ సన్నగా ఏదో మండుతోంది. అబద్ధాన్ని కన్నవాళ్ళకు దాని పుట్టుక తెలుసు. కానీ అది పరాయి ఇళ్ళలో పెరిగి, మంచి బట్టలు వేసుకుని తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి, ఎవరు నువ్వు అని మనల్నే అడిగితే? నేనే నీ తల్లినని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

"వచ్చే నెల మాకూ మారుస్తారు," అంది.

ఎందుకలా అందో ఆమెకు తెలీలేదు. ఆడపడుచు ముందు పరువు కోసం అనుకుంది మొదట. సోమవారం లిఫ్టులో పక్కనున్నవాళ్ళకు సంచీ కనపడకుండా గోడవైపు తిరిగి నిలబడినప్పుడు, అక్కడ ఆడపడుచు లేదని గమనించింది. మంగళవారం యంత్రంలో ఆసుపత్రి లేచి నిలబడినప్పుడు ఆమెకు ముందు ఫ్యాను వినిపించింది. ఆ తర్వాతే కిటికీలు కనిపించాయి.

పై అంతస్తు సగంలో ఉండగా డైరెక్టరుగారు పిలిచారు.

"మీ సేవలకు సంతోషించి తలదిండు కుర్చీ మంజూరు చేశామమ్మా. దాంతోపాటు పల్చటి ల్యాప్‌టాప్. ఈ బరువుదాన్ని స్టోర్స్‌కి ఇచ్చేయండి. కాదు, ఇదే ఉంచుకుంటానంటే మీ ఇష్టం. కుర్చీ మాత్రం పాతదే ఉంటుంది."

"ఆ పల్చటిదాంట్లో డ్రాయింగు తెరుచుకోదు కదా సార్. పై అంతస్తు ఎవరు గీస్తారు?"

"ఎవరో ఒకరు గీస్తారు. అది గీసేవాళ్ళ బాధ. మనకెందుకు?"

మనకెందుకు, అన్నారు. మన. ఇంతకాలంలో ఆయన ఆ మాటలో ఆమెను కలుపుకోవడం అదే మొదలు. ఆ గీసే మనిషిని నేనే అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆ గదిలో ఉన్న మూడో కుర్చీ ఖాళీగా, తలదిండుతో, ఆమె వైపు తిరిగి ఉంది. గోడలో పగులు ఎక్కడ మొదలవుతుందో పట్టుకునే మనిషి ఆమె. ఇప్పుడూ పట్టుకుంది. ఎక్కడ మొదలైందో, ఎటు సాగుతుందో అంతా కనిపించింది.

"ఏ రంగులు ఉన్నాయి సార్?" అని అడిగింది.

శ్రమయంత్రం స్టోర్స్‌కి వెళ్ళింది. దాన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు, అందరికీ కుటుంబాలున్నాయి. ఆసుపత్రివాళ్ళు చాలాసార్లు అడిగి, విసిగి, ఉన్న డ్రాయింగుతోనే కట్టేసుకున్నారు. కింది అంతస్తు చక్కగా వచ్చింది. మెట్లు కూడా వచ్చాయి. ఎక్కి వెళ్తే పైన ఆకాశం ఉంటుంది. ప్రారంభోత్సవంలో దాన్ని నిరాడంబర నిర్మాణానికి ఆదర్శంగా కొనియాడారు. వేదిక మీద మూడో కుర్చీలో గీతలమ్మ కూర్చుంది. ఒడిలో పల్చటి ల్యాప్‌టాప్, మూత తెరవకుండా. తల దిండుకు ఆనించే ఉంది. కళ్ళు మాత్రం, ఎందుకో, మెట్ల వైపు వెళ్ళలేదు.

ఆమెను చూసి మీరు నవ్వుతారు, నవ్వదగిందే. మీరైతే అలా చెయ్యరు. మొన్న షాపులో అమ్మేవాడు చిన్నదీ పెద్దదీ రెండూ మీ ముందు పెట్టి, "ఏం పనికి వాడతారండీ?" అని మర్యాదగా అడిగాడు. తేలికైన ప్రశ్న. మీరు మాత్రం మీ తోడల్లుడు ఏది కొన్నాడో గుర్తుతెచ్చుకుంటున్నారు.