నూట ముప్పై తొమ్మిదో గడి

తొమ్మిదీ ఇరవై అయ్యేసరికి నూట ముప్పై ఎనిమిది మంది అద్దాల గేటు బయట నిలబడిపోయారు. లోపల ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడు కాంట్రాక్టు ప్రోగ్రామర్. రిసెప్షన్ బల్ల పక్కన నిలబడి అద్దంలోంచి చూస్తున్నాడు. బయట ఒక్కొక్కరే ముందుకొచ్చి యంత్రం మీద కార్డు పెడుతున్నారు. ఎర్రదీపం వెలుగుతోంది, యంత్రం కీచుమంటోంది, ఆ మనిషి మొహం వేలాడేసుకుని పక్కకు తప్పుకుంటున్నాడు.

"మన ఉద్యోగాలు ఊడాయి," అన్నాడు సేల్స్ విభాగం పెద్దాయన. "ముందు కార్డులు ఆపేస్తారు, తరవాత మెయిలు పంపిస్తారు. మా బావమరిది ఆఫీసులో ఇలాగే జరిగింది."

"మరి లోపలున్న ఆయనో?"

"కాంట్రాక్టు మనిషి. చవగ్గా వస్తాడు. మనందర్నీ తీసేసి ఆయన్ని ఉంచుకున్నారు."

ఈ మాట వెనక వరుసకు చేరేసరికి కంపెనీ అమ్ముడుపోయింది. మెట్ల దాకా వెళ్ళేసరికి దాన్ని కొన్నది లోపలున్న ఆయనే అయ్యాడు. ఇద్దరు ముగ్గురు అద్దంలోంచి అతనికి నమస్కారం కూడా పెట్టారు.

గోడకున్న స్పీకరు గరగరమంది. బయట నిలబడ్డ మేనేజర్ మేడమ్ గొంతు. "ముందు గేటు తీయండి బాబూ."

"రాదు మేడమ్. కార్డుకి ఒక్కసారే తిరుగుతుంది. నేను లోపలే ఉన్నానని దానికి తెలుసు, నా కార్డు మళ్ళీ తీసుకోదు."

"ఫైర్ అలారం బటన్ నొక్కండి."

"నొక్కితే గేటుతో పాటు పైకప్పులో నీళ్ళ పైపులూ తెరుచుకుంటాయి. కంప్యూటర్లన్నీ తడిసిపోతాయి."

"అయితే మీరే ఏదో ఒకటి చేయండి. పదకొండింటికి మీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెడదామనుకున్నాను. అదీ లోపలే ఉండిపోయింది."

ఆ కాగితం కోసం అతను ఏడు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. సరేనని కంప్యూటర్ ముందు కూర్చునేలోగా ఫోను మోగింది. వేరే ఊళ్ళో ఉండే అక్క. రోజూ ఇదే వేళకు, ఇదే ప్రశ్నతో చేస్తుంది.

"ఏరా, ఇవాళైనా ఆఫీసులో ఎవరితోనైనా మాట్లాడావా?"

"మాట్లాడుతున్నానక్కా. నూట ముప్పై ఎనిమిది మందితో."

"ఏం చేశావురా?"

అప్పుడు తెరిచాడు గేటు స్క్రిప్టు. ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పేది అదే. అందులో గళ్ళ వరుస ఒకటి ఉంటుంది, ఒక్కో గడిలో ఒక్కో కార్డు నంబరు. ప్రోగ్రామర్లు దాన్ని అర్రే అంటారు. నిన్నటి వరకూ దానికి నూట ముప్పై ఎనిమిది గళ్ళు. వాటిలో అతని గడి లేదు. రోజూ గేటు దగ్గర నిలబడి కాపలా తాతను పిలవాలి. తాత సందర్శకుల కార్డుతో గేటు తిప్పేవాడు. "రాత్రి తిన్నావా బాబూ, ముఖం అలా ఉందేం," అనేవాడు. ఆ తరవాత సాయంత్రం దాకా అతనికి వినపడేది కీబోర్డు చప్పుడే.

నిన్న ఆదివారం. గదిలో నాలుగు గోడల్నీ చూసి చూసి విసుగెత్తి, సాయంత్రం ఆఫీసుకొచ్చాడు. తాత గేటు తిప్పి, తన వేళయిందని ఇంటికెళ్ళిపోయాక, ఆ వరుసలో తనకూ ఒక గడి కట్టుకున్నాడు. ఆ భాషలో అర్రేను పెంచడం ఒక్క లైను పని. కాకపోతే పాతవి ఉంచమని 'ప్రిజర్వ్' అనే మాట విడిగా చెప్పాలి. చెప్పకపోతే, ఇంకో గది వేయమన్నందుకు ఇల్లంతా కూల్చి కొత్తగా కట్టే మేస్త్రీలా పనిచేస్తుంది. సామానేదయ్యా అంటే ఉంచమని చెప్పలేదుగా అంటుంది. అతను ఆ మాట రాయడం మర్చిపోయాడు. చివరి గడిలో తన నంబరు రాసి, కార్డు పెట్టి చూశాడు. పచ్చదీపం వెలిగింది. నిజానికి ఇంకొకరి కార్డుతో కూడా పరీక్షించాలి. ఆదివారం సాయంత్రం అతనికి ఇంకొకరు ఎక్కడ దొరుకుతారు?

ఇప్పుడు తెర మీద నూట ముప్పై ఎనిమిది ఖాళీ గళ్ళు. చిట్టచివర అతనొక్కడు.

"తరవాత చేస్తానక్కా," అని ఫోను పెట్టేశాడు. పాత ప్రతి ఎక్కడా లేదు, దాని మీదే సేవ్ చేశాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని గేటు దగ్గరికొచ్చి, అద్దం సందులోంచి మాట వినపడేలా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "వరుసగా రండి. కార్డు అద్దానికి ఆనించండి, నంబరు ఎక్కిస్తాను. అందరివీ అయ్యాక ఒకేసారి సేవ్ చేస్తాను." మాటిమాటికీ సేవ్ చేసే ధైర్యం అతనికి లేదు.

జనం వరుసకట్టారు.

"మీ సీటెక్కడండీ?" అంది డిజైన్ విభాగం అమ్మాయి.

"మీ వెనకాలేనండీ."

"ఎప్పట్నుంచి?"

"ఏడు నెలల నుంచి."

ఆమె నాలిక్కరుచుకుంది. తరవాతి ఆయన ఊరడిగాడు. ఆ తరవాతి ఆవిడ పెళ్ళయిందా అని అడిగింది. ఇంకో పెద్దాయన కాళ్ళు లాగడం లేదా బాబూ అన్నాడు. నలభయ్యో కార్డు దగ్గర తన వేళ్ళు అవసరం కంటే నెమ్మదిగా కదులుతున్నాయని అతనికి తెలిసింది. అయినా వాటిని తొందర పెట్టలేదు.

నూట ముప్పై ఏడు అయ్యాయి. "ఇంకొకటి," అన్నాడు. "సందర్శకుల కార్డు. తాత దగ్గరుంటుంది."

"అదక్కర్లేదు," అన్నారు మేడమ్. "అంతా ఆయన నిర్వాకమే. నిన్న యంత్రాన్ని తడిగుడ్డతో తుడిచాడట. తనే ఒప్పుకున్నాడు. ఇంటికి పొమ్మన్నాను."

మెట్ల మీద తాత టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటున్నాడు. "దుమ్ము పట్టిందని తుడిచాను బాబూ," అన్నాడు తలెత్తకుండా. "తడి లోపలికి దిగినట్టుంది. ఇంతమందిని నిలబెట్టేశాను."

"మా ఫోను కూడా మొన్న ఇలా తడిసే పోయింది," అని సాక్ష్యం చెప్పాడు సేల్స్ పెద్దాయన.

"మీరు సేవ్ చేయండి బాబూ," అన్నారు మేడమ్. "ఇవాళ మీరు లేకపోతే మా గతేమిటి? లోపలికి రాగానే ముందు మీ కాగితమే."

ఒక్క మీట నొక్కితే చాలు. తడిగుడ్డ మీద ఎవరికీ అనుమానం లేదు, తాతకు అసలే లేదు. అతను మీట మీది నుంచి వేలు తీసి, లేచి, స్పీకరు బటన్ నొక్కిపట్టాడు.

"మేడమ్, తడిగుడ్డ కాదు. తాత ఏమీ చేయలేదు. నిన్న సాయంత్రం మీ అందరి నంబర్లూ చెరిపేసింది నేను."

ఏడు నెలల్లో ఆఫీసంతా చెవులప్పగించి విన్న అతని మొదటి మాట అదే.