చిక్కడపల్లికి రాని జ్వరం

సంయుక్త చిన్న రాతి రోట్లో బొప్పాయి ఆకులు దంచుతోంది. జ్వరం మలేరియాది, ఆకులు డెంగ్యూవి. పరువు గల ఇళ్లలో ఇది మామూలే కాబట్టి ఆమె చెయ్యి ఆగలేదు. దంచినదాన్ని గుడ్డలో పిండి, పచ్చటి రసం గ్లాసులో పోసి, మంచం మీద కూర్చున్న ఏడేళ్ల కొడుకు సృజన్‌కు చూపించింది. వాడు గ్లాసు వైపు చూశాడు. తర్వాత కిటికీలో ఉన్న మనీప్లాంటు వైపు చూశాడు. తల్లి తలుపు దగ్గరగా వేసి, రసాన్ని ఆ మొక్కకు పోసింది. మొదట్లో వాడికే తాగించేది. వాడు దాంతోపాటు అసలు మాత్రను కూడా కక్కేసేవాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ప్లేట్‌లెట్స్ పెరుగుతున్నది మనీప్లాంటుకే. చూడవచ్చిన వాళ్లు దాని నిగారింపు మెచ్చుకుని, ఏం ఎరువు వేస్తున్నారని అడిగి మరీ పోతున్నారు.

సంగతి ఇలా మొదలైంది. సృజన్ ఒక సాయంత్రం దుప్పటి కింద పళ్లు టకటకలాడేలా వణికి, మర్నాడు బంతి పట్టుకుని వరండాలో గెంతి, ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు వణికాడు. సంయుక్త అచ్చంపేట దిక్కు పల్లెలో పుట్టి పెరిగింది. ఆ వణుకు ఆమెకు చిన్ననాటి చుట్టం. ఎవరికీ చెప్పకుండా గల్లీ చివర ఉండే ఆశ కార్యకర్త రోజాను పిలుచుకొచ్చింది. రోజా పిల్లవాడి వేలు మీద చిన్న పోటు పొడిచి, రక్తపు బొట్టు కార్డు మీద వేసి, టీ మరిగేంతసేపు ఆగి, మలేరియా అని తేల్చింది. బస్తీ దవాఖానలో డాక్టరుకు చూపించి, ఆయన రాసిన మాత్రలు తెచ్చి ఇచ్చింది.

"ఇవి జ్వరానికి, మూడు దినాలు. ఇవేమో లివర్ల దాగిన దొంగకు, రెండు వారాలు. జ్వరం పోయింది కద అని ఇవి ఆపిన్రనుకో, ఆ దొంగ మళ్ల లేస్తడు. రోజు నేనొస్త. అన్నం తిన్నంక నా కండ్ల ముందట మింగాలె" అంది. లేస్తూ పైకి చూసింది. "మేడ మీద ట్యాంకుకు మూత ఉన్నదా అక్క?"

"లేదు" అంది సంయుక్త.

"అయితే ఈ దొంగ పోయినా ఇంకొకడు వస్తడు. మూత పెట్టేదాక ఈ సంచి పట్టుకొని మీ ఇంటికి ఆడబిడ్డ లెక్క వస్తనే ఉంట."

పరీక్షకు, మాత్రలకు, డాక్టరుకు కలిపి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కుటుంబానికి మొదటి దెబ్బ తగిలింది ఇక్కడే.

సంయుక్త మామగారు కిషన్ రావు గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరై, ప్రస్తుతం అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘానికి అధ్యక్షులుగా కొనసాగుతున్నారు. మలేరియా అన్న మాట చెవిన పడగానే ఆయన లేచి ముందు కిటికీలు మూశారు.

"మలేరియానా? చిక్కడపల్లిలనా? ఎక్కడన్న విన్నవా బిడ్డ? మా సర్వీసుల, అడవి దిక్కు బదిలీ అయినోళ్లకు వచ్చేది మలేరియా. నారాయణగూడ చౌరస్తా దాటి ఇటు రాదది."

"కార్డు మీద గీత వచ్చింది మామయ్యా."

"గీత వస్తది, పోతది. పరువు పోతే మళ్ల వస్తదా? హిమాయత్‌నగర్‌ల మా దోస్తు మనవనికి డెంగ్యూ వచ్చింది. స్పెషల్ రూము, ఏసీ, టీవీ. ఎంతమంది పోయి చూసిన్రు! మనకేమో మోరీ పక్కన జ్వరం. అది గూడ ఫుకట్ మాత్రలతోని! నలుగురికి ఏమని చెప్పాలె?"

పిల్లవాడి తండ్రి ఉమాకాంత్ ఆ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మధ్యేమార్గంలోనే నడుస్తున్నాడు. "మాత్రలు ఇవే ఏద్దాం. పేరు మాత్రం డెంగ్యూ అందాం. ఏమైతది?" అన్నాడు. సంయుక్త అభిప్రాయం ఎవరూ అడగలేదు కనుక తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. తక్షణం అమల్లోకి వచ్చే విధంగా సదరు జ్వరానికి డెంగ్యూగా పదోన్నతి కల్పించడమైనది.

పదోన్నతి వచ్చాక బాధ్యతలు పెరుగుతాయన్నది సర్వీసు చేసిన వాళ్లందరికీ తెలుసు. మలేరియాకు మాత్రలు చాలు. డెంగ్యూకు ప్లేట్‌లెట్స్ కావాలి. రోజూ సాయంత్రం కింద బెంచీ మీద చేరే పెద్దమనుషులు "ఇయ్యాల ఎంత?" అని అడిగేవారు. కిషన్ రావు గారు గొంతు సవరించుకుని ఒక అంకె చెప్పేవారు. లేని అంకెలను ఉన్నట్టు సర్దడంలో ఆయనది ముప్పై ఏళ్ల అనుభవం. ముందు కొంచెం పడేసి, అందరి ప్రాణాలు గొంతులోకి వచ్చేదాకా ఆగి, మెల్లగా లేపుతూ వచ్చారు. అంకె పడిన రోజు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు, లేచిన రోజు పూలగుత్తులు వచ్చేవి. ఆ లెక్కలన్నీ చెబుతున్న వేళకు సృజన్ పైన కారిడార్లో గోడకేసి బంతి కొట్టుకుంటూ ఉండేవాడు. "పాపం, ఎంత నీరసంగ ఆడుతున్నడో చూడు" అని వాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

పరామర్శలు మొదలయ్యాయి. నల్లకుంట వాళ్లు కివీలు తెచ్చారు, గాంధీనగర్ వాళ్లు డ్రాగన్ ఫ్రూట్ తెచ్చారు. తెచ్చిన పండ్లకు ప్రతిఫలంగా మొదట టీ, తర్వాత ఉప్మా తీసుకున్నారు. ఆటోలు దొరకని వేళ అయిందని గ్రహించి భోజనం కూడా చేసి వెళ్లారు. పిల్లవాడి మంచం దగ్గర కూర్చున్న వాళ్ల కంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లే ఎక్కువ. గ్యాస్ బండ నెల సగంలోనే చేతులెత్తేసింది. మేకపాలు మంచివని ఎవరో చెప్పగా ఉమాకాంత్ తెల్లవారకముందే బండి మీద ఊరి చివరికి పోయి తెచ్చేవాడు. ఆఫీసుకు ఆలస్యంగా పోయి మాటలు పడేవాడు. హిమాయత్‌నగర్‌లో ఒక బట్టల షాపులో లెక్కలు చూసే సంయుక్త, జీతం లేని సెలవు పెట్టింది. జబ్బుపడిన కొడుకును చూసుకోవడానికి కాదు, ఆరోగ్యంగా ఉన్న చుట్టాలను చూసుకోవడానికి.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న ఆమె పిన్ని కొడుకు నాగేందర్ కూడా పరామర్శకు వచ్చాడు. వాడికి మాత్రం సంయుక్త చెవిలో నిజం చెప్పింది. వాడి మొహం వెలిగిపోయింది.

"అరె, మలేరియానా! అక్క, ఆ దోమ గుట్టు కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లనే. తెలుసా? పక్కా బిట్టు ఇది. పోయినసారి ఆన్సర్ చేసిన."

"అయితే మేడ మీదికి పోయి ట్యాంకు ఒకసారి చూసి రా తమ్ముడు, పురుగులున్నయేమో."

"అది సిలబస్‌ల లేదక్క" అని వాడు రెండోసారి పప్పు వేయించుకున్నాడు.

ఇక రోజా సంగతి. ఆమె రోజూ వచ్చి మాత్ర మింగించాలి. యూనిఫాం చీరలో ముందు ద్వారం నుంచి వస్తే డెంగ్యూ పరువు దక్కదు. అందుకని వెనక మెట్ల మీదుగా వంటింట్లోకి రమ్మని కిషన్ రావు గారు మర్యాదగా విన్నవించుకున్నారు. చుట్టాల కంట పడ్డప్పుడు చెప్పడానికి "న్యూట్రిషన్ మేడమ్" అన్న హోదా కూడా ఆయనే మంజూరు చేశారు. రోజా నవ్వింది. కానీ హోదా అన్నాక సంప్రదింపులు తప్పవు. రెండో అంతస్తు బాలత్రిపురసుందరి గారు సంఘానికి కార్యదర్శి. ఆవిడ ఒకరోజు వంటింట్లో రోజాను పట్టుకుని, జర బరువు తగ్గే ఉపాయం చెప్పమన్నారు.

"మెట్లెక్కండి అమ్మా. మేడ మీది దాక పోయి, ట్యాంకుకు మూత ఉన్నదో లేదో చూసి, దిగి రండి. రోజు చెయ్యండి" అంది రోజా.

ఆ సలహా అపార్ట్‌మెంటంతా పాకింది. తెల్లారేసరికి ఆడవాళ్లు బూట్లు వేసుకుని మేడెక్కి, మూత లేదని రూఢి చేసుకుని, దిగి వచ్చేవారు. కొందరు నిజంగానే చిక్కారు. మూత మాత్రం రాలేదు.

మూత ఎందుకు రాలేదో చెప్పకపోతే సంఘానికి అన్యాయం చేసినట్టవుతుంది. వేసవిలో గాలిదుమారానికి పాత మూత ఎగిరిపోయింది. కొత్తది కొనాలని సంఘం ఆనాడే తీర్మానించింది. ట్యాంకు తమ నెత్తి మీద ఉన్నా నీళ్లు వాడేది కింది వాళ్లే కాబట్టి వాళ్లే కొనాలని పై అంతస్తు వాళ్లు అన్నారు. ఎవరి నెత్తి మీద ఉందో వాళ్లే కొనాలని కింది వాళ్లు అన్నారు. విషయం ఉపసంఘం పరిశీలనలో ఉంది. "నేను కొనుక్కొస్త నాన్న" అని ఉమాకాంత్ ఒకసారి అన్నాడు. "పిచ్చోడా, మనం కొంటే అందరికి అలవాటైతది. పద్ధతి ఖరాబైతది" అని తండ్రి మందలించారు. సంయుక్త ఒక ప్లాస్టిక్ పట్టా తీసుకెళ్లి ట్యాంకుకు తాడుతో కట్టింది. రెండో రోజుకల్లా అది ఎవరిదో స్కూటరు మీద వానకు తడుస్తూ కనిపించింది.

ఆ రోజే సంయుక్త ఇంకొకటి చూసింది. రోజా తమ ఇంటి నుంచి వెనక మెట్లు దిగి పోవాల్సింది పోయి, రెండో అంతస్తు వంటింటి తలుపు తట్టింది. తలుపు సందులోంచి గాజుల చెయ్యి ఒకటి ఆమెను గబుక్కున లోపలికి లాగింది. మర్నాడు రోజా వచ్చినప్పుడు సంయుక్త రెండో అంతస్తు వైపు చూపు తిప్పింది. రోజాయే నోరు విప్పింది.

"ఏ ఇండ్లని అడగకు అక్క, ఒట్లు వేయించుకున్నరు. మీ బిల్డింగుల నేను చానా మందికి న్యూట్రిషన్ మేడమ్‌ను."

సంయుక్తకు అప్పుడు వాట్సాప్ గ్రూపు గుర్తుకొచ్చింది. ఈ మధ్య అందులో చాలా ఇళ్ల ప్లేట్‌లెట్స్ పడుతున్నాయి, లేస్తున్నాయి. బాలత్రిపురసుందరి గారి మనవరాలు మహిత ప్లేట్‌లెట్స్ అయితే మూడు రోజుల్లోనే పూర్తిగా కోలుకున్నాయి. అంత మంచి అంకె వచ్చాక మాత్రలతో పనేముందని ఆవిడ రెండు వారాల మందును మధ్యలోనే ఆపించేశారు.

రోజా దవాఖానకు రాసి పంపిన మలేరియా లెక్కను బట్టి దోమల మందు కొట్టే సిబ్బంది గేటు దాకా వచ్చారు. కిషన్ రావు గారు వాళ్లకు చల్లటి నీళ్లిచ్చి, "మా దగ్గర మలేరియా లేదు నాయనా. ఉన్నచోటికి పోయి కొట్టండి" అని సాగనంపారు. ఆ వెంటనే గేటుకు ఒక ఫ్లెక్సీ వెలిసింది: "మలేరియా రహిత అపార్ట్‌మెంట్". మీద కిషన్ రావు గారు నమస్కరిస్తున్నారు. కింద కార్యవర్గం చిన్న ఫోటోల్లో నమస్కరిస్తోంది.

సృజన్ చివరి మాత్ర వేసుకునే రోజు ఆదివారం వచ్చింది. ఆ సాయంత్రమే అధ్యక్షుల వారికి వారి ఇంటి హాల్లో సన్మానం. శాలువా, దండ, పెద్ద ఇత్తడి తాంబాళం. తాంబాళం మీద "వ్యాధుల నివారణకు అలుపెరుగని సేవలు" అని చెక్కించారు. దానికి సంఘం నిధి నుంచి డబ్బు తీయడానికి ఏ అంతస్తూ అభ్యంతరం చెప్పలేదు. ఉపసంఘం అవసరమే రాలేదు. తాంబాళం నిండా కివీలు పేర్చి టీపాయ్ మీద పెట్టారు.

వంటింట్లో రోజా పిల్లవాడి చేత మాత్ర మింగించి, నాలుక ఎత్తించి చూసి, బుగ్గ గిల్లింది. "అయిపోయింది రా హీరో. ఇగ నీకు నాకు కటీఫ్." సంయుక్త ఇచ్చిన టీ ఊదుకుంటూ, గొంతు తగ్గించి అంది: "కటీఫ్ అన్న గాని, మూత లేకపోతే దోమ కటీఫ్ అనది అక్క. మళ్ల కుడితే మళ్ల మొదటి మాత్ర కాడికెల్లి షురూ."

హాల్లో బాలత్రిపురసుందరి గారు ప్రసంగిస్తున్నారు. "డెంగ్యూ వంటి మహమ్మారిని సైతం ఇంత హుందాగా ఎదుర్కొన్న కుటుంబం ఇది. మలేరియా వంటి చిల్లర జబ్బులను గేటు లోపలికి రానివ్వని అధ్యక్షులు వీరు..." ఇంతలో ఆవిడ ఫోను మోగింది. ఇంటి నుంచి. విన్నారు. మొహం పాలిపోయింది.

"మళ్లనా? దుప్పటి కప్పిన్రా? పండ్లు గూడ టకటక కొట్టుకుంటున్నయా?" అని మెల్లగా అడిగి, ఫోను పెట్టేసి, సభ వైపు తిరిగారు. "ఏం లేదు. మహితకు కొంచెం ఏసీ ఎక్కువైంది."

సభలో చాలామంది తల దించుకుని సానుభూతిగా ఊపారు. తమ ఇళ్లలోనూ ఏసీ అప్పుడప్పుడు ఎక్కువవుతూనే ఉంది. కొందరి ఇళ్లలో అసలు ఏసీ లేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ సంయుక్త సృజన్ వైపు చూసింది. వాడు చివరి మాత్ర పండుగ చేసుకుంటూ ఒంటికాలి మీద గెంతుతున్నాడు. ఆమె చూపు అక్కడి నుంచి తాంబాళం మీదికి పోయింది. ట్యాంకు నోరు ఎంత వెడల్పో పట్టా కట్టినప్పుడు ఆమె చేతులకు తెలిసింది. తాంబాళం దానికంటే కొంచెం పెద్దదే.

కిషన్ రావు గారు ప్రతిస్పందనకు లేచారు. దండ సర్దుకున్నారు. కళ్లు చెమర్చాయి.

"మిత్రులారా, ఇంత గౌరవాన్ని నా వంటి సామాన్యుడు ఎక్కడ పెట్టుకోవాలో నాకైతే తెలియడం లేదు."

సంయుక్త టీపాయ్ దగ్గరికి వెళ్లి, కివీలన్నీ నింపాదిగా సోఫా మీద ఆయన కూర్చునే చోట కుమ్మరించింది. తాంబాళం చంకన పెట్టుకుంది. వంటింట్లోకి పోయి, బొప్పాయి ఆకులు దంచిన రాతి రోలు కడిగి, దాన్ని తాంబాళంలో పెట్టుకుంది. గాలికి ఎగిరిపోకుండా ఆ బరువు చాలు. అతిథులు ఆమెను చూసి సర్దుకు కూర్చున్నారు. అంత పెద్ద పళ్లెం ఖాళీ చేసి తీసుకుపోతున్నదంటే ఇక వచ్చేవి మిర్చిబజ్జీలేనని, వాటి తర్వాత చట్నీ కూడా ఉండొచ్చని, కొందరు చేతులు కడుక్కోవడానికి లేచారు.

సంయుక్త వెనక మెట్ల వైపు తిరగలేదు. సభ మధ్యలోంచి నడిచి, ముందు ద్వారం దాటి మేడ మెట్లెక్కింది.