గౌరవ్వ చేతికి ఒక్క కుట్టు

ఆ ఉదయం గౌరవ్వ అనుకున్నది చాలా చిన్న పని. ఎల్లారెడ్డి నుంచి తమ ఊరు లింగంపేట మీదుగా వచ్చే మొదటి బస్సులో కామారెడ్డి పోవాలి. ఎడమ ముంజేతి మీద నెలల తరబడి మానని నల్లమచ్చలోంచి చర్మం ముక్క పరీక్షకిచ్చి, మధ్యాహ్నానికల్లా బీడీలు చుట్టే చాట ముందు కూర్చోవాలి. ఆ మచ్చ చెడ్డదైతే చెయ్యి ఏమవుతుందోనని లోపల వణుకుగానే ఉంది. అందుకే ఎవరికీ చెప్పలేదు, మొగుడు ఎంకయ్యకు తప్ప. అక్కడే పప్పులో కాలేసింది.

ఆపరేషనంటే అయినవాళ్లకు చెప్పకపోవడం ఆ వైపు క్షమించరాని నేరం. ఎంకయ్య దోమకొండలోని అక్క శాంతవ్వకు ఫోన్ కొట్టాడు. శాంతవ్వ నాట్లు వదిలేసి, ఆటో నిండా చుట్టాలతో, బ్రెడ్డు ప్యాకెట్లతో, సంత్రా పళ్లతో ఆస్పత్రి గేటు దగ్గరికి వీళ్లకంటే ముందే చేరింది.

"గింత పెద్ద ఆపరేషన్ పెట్టుకొని నాకు చెప్పవా, గౌరవ్వా? మేం సచ్చినమా?"

"ఆపరేషన్ గాదు వదినె. పెసరగింజంత తోలు తీస్తరంట."

"ఎంతైతేంది, కోసుడు కోసుడే," అంటూ శాంతవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనకాల చుట్టాలూ అందుకున్నారు. బతికున్న మనిషి ముందు ఈ ఏడుపులేమిటని గౌరవ్వకు ఒళ్లు మండింది.

"మొద్దుబార్చే సూది ఒక్కటే చురుక్కుమంటుందమ్మా. తర్వాత లాగినట్టుంటుంది, అంతే. ఒక్క కుట్టు వేస్తాను. రేపటిదాకా తడపొద్దు. రిపోర్టు వారానికి వస్తుంది," అంది లోపల డాక్టరమ్మ. "తోడు ఒక్కరే ఉండండి."

మొగుణ్ణి నేనుండగా ఇంకెవరని ఎంకయ్య ఛాతీ విరుచుకుని లోపలికొచ్చాడు.

గౌరవ్వ కళ్లు మూసుకుంది. చురుక్కుమంది. ఆ వెంటనే ధబ్బుమంది. కళ్లు తెరిస్తే ఎంకయ్య నేల మీద ఉన్నాడు.

ఇక చెప్పేదేముంది. ఆయన్ను మంచమెక్కించారు, మొహాన నీళ్లు చల్లారు, చుట్టాలంతా చుట్టూ మూగారు. కుట్టు వేయించుకుని గౌరవ్వ బయటికొచ్చేసరికి ఆమెకు కూర్చునే చోటు లేదు.

"కోసింది నన్ను, వదినె."

"నీకేమైంది, నడుస్తున్నవ్ గదా. గా సంత్ర ఒలిచి తమ్మునికియ్యి."

మచ్చ ఆమెది, సూది ఆమెకు, భయం ఆమెకు. సంత్రాలు మాత్రం ఆయనకు. ఇదెక్కడి న్యాయం? సాయంత్రానికి లింగంపేటలో వాడకట్టంతా ఎంకయ్యను చూడ్డానికొచ్చింది. "వారం దాక లెవ్వొద్దన్నరు," అని అందరికీ చెప్పాడు. ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. కట్టు కట్టిన చేత్తోనే గౌరవ్వ పళ్లు నూరుతూ అందరికీ చాయ్ పోసింది.

వారానికి కుట్టు విప్పించుకోవడానికి ఒక్కతే పోయింది. "చెడ్డది కాదమ్మా, భయం లేదు," అంది డాక్టరమ్మ. గౌరవ్వ అక్కడే బల్ల మీద కూలబడి తనివితీరా ఏడ్చింది, చెయ్యి తనకు దక్కిందని.

ఇంటికొచ్చి, "ఏం గాదంట," అంది గడపలోంచే.

"నీదేమో తేలిపోయింది," అన్నాడు ఎంకయ్య మంచం మీంచి, నీరసంగా. "నాకే ఇంకా ఏ పరీక్షా చేయలే."