రష్యన్ పరీక్షకు జొన్న రొట్టె

1949 వేసవిలో ఒక పొద్దున, మదీనాగూడ వడ్రంగి బాలనర్సయ్య కొడుకు లింగమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. లింగంపల్లి స్టేషన్‌లో పది గంటల రైలు దిగే రష్యన్ పరీక్షాధికారి గురిన్ దొరను ఇంటికి తీసుకురావాలి, కడుపునిండా తిండి పెట్టించాలి, మూడింటి బస్సులో పట్నం పంపాలి. మధ్యలో ఎక్కడా ఆయనతో రష్యన్ తప్ప మరో భాష మాట్లాడకూడదు. తాను రైలు దిగిన క్షణం నుంచే పరీక్ష మొదలనీ, ఇంగ్లీషు ముక్క దొర్లితే తప్పినట్టేననీ గురిన్ దొర బొంబాయి నుంచి ముందే ఉత్తరం రాశాడు.

లింగమూర్తి విశ్వవిద్యాలయంలో రష్యన్, చెక్ భాషలు రెండూ ఒకేసారి చదువుతున్నాడు. "అవి అక్కచెల్లెళ్ళు. ఒకదాని చీర ఒకటి కట్టుకుని తిరుగుతాయి, జాగ్రత్త" అని అధ్యాపకుడు మొదటి రోజే హెచ్చరించాడు. పాసైతే అక్కడే అనువాదకుడి ఉద్యోగం. తప్పితే ఏమిటో బండి కడుతూ బాలనర్సయ్య చెప్పాడు.

"ఇగ చాలు బిడ్డా. ఈసారి తప్పినవంటే రేపటిసంది ఉలి పట్టు."

గురిన్ దొర రైలు దిగాడు. ఆరడుగుల మనిషి, తెల్ల గడ్డం. వారం రోజులుగా బట్టీ పట్టిన స్వాగతాన్ని లింగమూర్తి గొంతెత్తి అప్పజెప్పాడు. 'మీ రాక అద్భుతం' అనాలని అతని ఉద్దేశం. అద్భుతానికి నోటికొచ్చిన మాట 'ఉజాస్నీ'. చెక్‌లో అది అద్భుతమే. రష్యన్‌లో మాత్రం ఘోరం. తన రాక ఘోరమని విన్న దొర ఒక్క క్షణం ఆలోచించి, మళ్ళీ రైలెక్కబోయాడు. పాపం మొహమాటపడుతున్నాడనుకుని లింగమూర్తి ఆయన పెట్టె లాక్కుని బండిలో వేశాడు. ఈలోగా రైలు వెళ్ళిపోయింది.

దారి నిండా గుంతలే. మొదటి గుంత రాగానే లింగమూర్తి "పొజొర్!" అని అరిచాడు. జాగ్రత్త అనడానికి చెక్‌వాళ్ళ మాట అది. రష్యన్‌లో దాని అర్థం 'సిగ్గుచేటు'. దొర ఉలిక్కిపడి తన బట్టలు చూసుకున్నాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. రెండో గుంతకు మళ్ళీ "పొజొర్!" ఈసారి కోటు తొడుక్కున్నాడు. ఊరు చేరేసరికి ఆ ఎండలో మెడదాకా గుండీలు బిగించి, టోపీ కళ్ళమీదికి లాక్కుని, చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"దొరకు చలిజ్వరమొచ్చినట్టుందిరా. దవాఖానకు కొంచవోదామా?" అన్నాడు బాలనర్సయ్య.

"ఏం గాదు నాయినా. ఆల్ల మర్యాద గట్లనే ఉంటది."

ఇంట్లో లింగమూర్తి తల్లి రుక్కమ్మ కోడికూర వండి, పెనం మీది నుంచి అప్పుడే తీసిన జొన్న రొట్టె విస్తట్లో వేసింది. తల్లి చేతి వంట గురించి ఒక్క మంచి మాటైనా చెప్పాలనుకున్నాడు లింగమూర్తి. తాజా రొట్టె అనబోయి 'చెర్‌స్త్వీ' అన్నాడు. ఆ మాటకు చెక్‌లో తాజా అని అర్థం, రష్యన్‌లో ఎండి గట్టిపడిన పాచిదని. దొర చెయ్యి గాలిలోనే ఆగింది.

"మీ కోసమే మా అమ్మ ప్రత్యేకంగా పాచి రొట్టె చేసింది" అని లింగమూర్తి ఉత్సాహంగా వాక్యం పూర్తి చేశాడు.

దొర విస్తరిని బెత్తెడు దూరం జరిపాడు.

తలుపు చాటు నుంచి రుక్కమ్మ పిలిచింది. "ఏందిరా, ముట్టనే లేదు? నువ్వేమన్నవ్?"

"నీ రొట్టెను పొగిడిన."

"జర మంచిగ పొగుడు!"

అతను ఇంకా గట్టిగా పొగిడాడు. దొర లేచి నిలబడ్డాడు.

"నా రాక ఘోరమన్నావు. దారి పొడుగునా సిగ్గుచేటని అరిచావు. ఇప్పుడు పాచి రొట్టె పెడుతున్నానంటున్నావు. నేనేం తప్పు చేశాను నాయనా?" అని రష్యన్‌లో మెల్లగా అడిగాడు.

అందులో ప్రతి ముక్కా లింగమూర్తికి అర్థమైంది. సర్దిచెప్పబోతే ఏ మాట ఏ భాషదో తెలియలేదు. కళ్ళముందు ఉలి కనిపించింది.

"అమ్మా, నీ రొట్టె పాచిదన్ననట!"

"ఏందీ!" రుక్కమ్మ పొయ్యి దగ్గరికి పోయి, పెనం మీది రొట్టె తెచ్చి నేరుగా దొర అరచేతిలో పెట్టింది. "పట్టి చూడుండ్రి దొరా! పాచిదా ఇది?"

దొర చెయ్యి చురుక్కుమంది. రొట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేస్తూ, దాని ఆవిరినీ లింగమూర్తి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "చెర్‌స్త్వీ?" అని గొణిగాడు. ఉన్నట్టుండి గడ్డం ఊగిపోయేలా నవ్వుతూ కూలబడ్డాడు.

కోటు విప్పేసి, నాలుగు రొట్టెలు తిన్నాక అసలు సంగతి చెప్పాడు. విప్లవం నాడు రష్యా విడిచి, చెక్‌వాళ్ళ ప్రాగ్ నగరం చేరిన కొత్తలో ఏ కొట్టు చూసినా 'చెర్‌స్త్వీ' అని బోర్డు. పాచి రొట్టెను బోర్డు పెట్టి మరీ అమ్మే ఊళ్ళో ఏం తింటామని ఆయన రెండు రోజులు పస్తున్నాడట. చివరికి ఒక ముసలమ్మ కోప్పడి, వేడి రొట్టె చేతిలో పెట్టిందట.

"నాయినా, ఉలి పట్టేది నేనే" అన్నాడు లింగమూర్తి ఆ సాయంత్రం.

నిజమే, రష్యన్‌లో తప్పాడు. అయితే ఎవరూ పెట్టని చెక్ పరీక్షలో అతనికి మొదటి తరగతి ఇవ్వవచ్చని గురిన్ దొర విశ్వవిద్యాలయానికి రాశాడు. ఇకమీదట ఈ రెండు భాషలనూ కలిపి ఎవరికీ నేర్పవద్దని కూడా రాశాడు. అధికారులు వెంటనే అలాగే నియమం పెట్టారు. దాన్ని రెండు భాషల్లోనూ రాసిపెట్టడానికి రెండూ కలిపి నేర్చుకున్న మనిషి కావలసివచ్చి, లింగమూర్తికి ఉద్యోగం ఇచ్చారు.