రేగుకంపకు రసీదు

ఒక పెద్ద అడవిలో ఒక మూలన, వాగు గట్టు మీద, నలభై బొరియల కుందేళ్ల పేట ఉండేది. మిగతా అడవిని ఎవరు ఏలేవారో నాకు తెలియదు. ఈ పేటను మాత్రం ఒక కమిటీ ఏలేది, అందుకే ఇది కథ అయింది.

ఆ కుందేళ్లకు ఒక అలవాటు. పొద్దు వాలగానే ప్రతి ఇల్లాలూ పిల్లల్ని లోపలికి తోలి, బొరియ మూతికి ఒక రేగుకంప అడ్డం లాక్కునేది. తెల్లారాక పక్కకు జరిపేది. తాతల నాటి నుంచీ అంతే. దానికో తీర్మానం లేదు, బడ్జెట్ లేదు. అందువల్ల కమిటీకి అదొక పనిలా కనిపించేది కాదు.

ఒకనాడు వాగు అవతల తోడేలు కనిపించింది. వాగుకు అందరికంటే దగ్గర ఇల్లు గరికమ్మది. కళ్లు తెరిచి వారం కాని పిల్లలు ఇద్దరున్నారు ఆమెకు. పరుగున కమిటీ దగ్గరకు వెళ్లింది.

"వాగు పక్కన పది బారల జాగా ఖాళీగా ఉంది బాబూ. నాలుగు కట్టల తుమ్మకంప వేయిస్తే చాలు," అంది.

కమిటీ అధ్యక్షుడు కొమ్మలరాయుడనే కొండముచ్చు. చెట్టు మీద కాపురముండేవాడైతే నేల మీది కంచె గురించి నిష్పక్షపాతంగా ఆలోచిస్తాడని ఎన్నుకున్నారు.

"నాలుగు కట్టలా? ఇలా చిన్నగా ఆలోచించబట్టే మన పేట ఇలా ఉంది," అన్నాడు రాయుడు. "వేస్తే పేట చుట్టూ వేద్దాం. ఏమంటారు?"

గుమాస్తా తొండ తల ఊపింది. తొండ పుట్టినప్పటి నుంచీ ఊపుతూనే ఉంది. పుస్తకంలో మాత్రం 'ఏకగ్రీవం' అని రాసుకున్నారు.

కంట్రాక్టు ముళ్లపంది సూదయ్యకు దక్కింది. ఒంటి నిండా ముళ్లున్నాయి, ఇంతకు మించిన అనుభవం ఏం కావాలన్నారు.

వారం తిరిగేసరికి అంచనా తయారైంది. ఇంటికి రెండు బుట్టల ఇప్పపువ్వు పన్ను, మొత్తం ఎనభై బుట్టలు. తొండ చదివి వినిపించింది. "స్థల పరిశీలనకు ముప్పై. శంకుస్థాపనకు ఇరవై అయిదు. అధ్యక్షులవారు చెట్టు దిగి, తిరిగి ఎక్కే ప్రయాణ భత్యం పదిహేను. ఇతరములు పది."

"మరి కంపకు?" అంది గరికమ్మ.

"కంపకు కేటాయింపు లేదమ్మా. అది ప్రజల భాగస్వామ్యం," అన్నాడు రాయుడు. "ఎవరి గుమ్మంలో కంప వాళ్లు తెచ్చి జమ చేయాలి."

"కంచె లేచేదాకా మా గుమ్మాలకు ఏం అడ్డం పెట్టుకోవాలి?"

"రసీదు ఇస్తాం కదా, అది పెట్టుకో."

"తోడేలుకు చదువొచ్చా బాబూ?"

దీన్ని పుస్తకంలో రాయలేదు. అందరూ జమ చేశారు, గరికమ్మా చేసింది. రసీదుల కింద ఇంటికి రెండు మోదుగాకులు దక్కాయి, ఒకటి పన్నుకు, ఒకటి కంపకు. సరుకు దాచిపెట్టినప్పటి పాత రసీదు చూసి కొత్తది గీయడం తొండకు అలవాటు. ఆ అలవాటున కంప రసీదు అడుగున కూడా 'చూపినవారికి సరుకు వాపసు' అన్న ముక్క పడిపోయింది.

ఆ సాయంత్రం పిల్లల్ని లోపలికి తోలి గరికమ్మ కంప కోసం చెయ్యి చాచింది. ఏమీ తగల్లేదు. భయం వేసింది. తన కంప తానే మోసుకెళ్లి ఇచ్చినందుకు ఒళ్లు మండింది.

కంపంతా పేట వెనక మైదానంలో గుట్ట పడింది. అప్పుడు సూదయ్యకు ఒక అనుమానం వచ్చింది.

"ఇంత విలువైన సరుకు ఆరుబయట పడుంది. ఎవరైనా ఎత్తుకుపోతే?"

"నిజమే, ముందు దీని చుట్టూ కంచె వేయండి," అన్నాడు రాయుడు.

వేశారు. మూడు రోజులు పట్టింది. పని పూర్తయ్యాక చూస్తే లోపల గుట్ట లేదు.

"కంపేదయ్యా?"

"కంచెకు సరిపోయిందండి."

"కంచె దేనికి?"

"కంపకండి."

తొండ తల ఊపింది. లోపల జాగా చల్లగా, భద్రంగా ఉండడంతో కమిటీ కార్యాలయం అక్కడికి మారింది, దాంతోపాటు ఇప్పపువ్వు బుట్టలూ మారాయి. మెక్కి మెక్కి రాయుడు చెట్టెక్కడమే మానేశాడు.

పది రోజులు గడిచాక ఒక సందెవేళ తోడేలు వాగు దాటింది. గరికమ్మ గుమ్మంలోకే మూతి పెట్టింది. ఆమె ఎదురెళ్లి మూతి మీద తన్నింది. పిల్లలు దక్కారు గానీ ఆమె ఎడమ చెవి సగం తోడేలుతో పోయింది.

తెల్లారి నెత్తుటి చెవితోనే కంచె దగ్గరకు వచ్చింది.

"విచారకరం. రాసివ్వు, పరిశీలిస్తాం," అన్నాడు లోపలి నుంచి రాయుడు.

గరికమ్మ అతని వైపు చూడలేదు. కంచెలో ఒక కంపకు తెల్లని నూగు చిక్కుకుని ఉంది. అది తన చంటిదాని బొచ్చు. మోదుగాకు తీసి తొండ ముందు పెట్టింది.

"చూపినవారికి వాపసు అని రాశారు. చూపిస్తున్నాను."

తొండ ఆకును అటూ ఇటూ తిప్పి చూసింది. గీత తనదే, మాట తనదే. తల ఊపింది. గరికమ్మ తన కంప లాక్కుని వెళ్లిపోయింది.

మాట పేటంతా పాకింది. నలభై మందీ ఆకులు పట్టుకుని వరుస కట్టారు. పొద్దు వాలేలోగా ఎవరి కంప వాళ్లకు చేరింది. మిగిలిన వెలుగులో తలా ఒక తుమ్మకొమ్మ కొరుక్కొచ్చి వాగు పక్క పది బారల జాగా మూసేశారు. అంచనా వేయకపోవడం వల్ల గడియలో అయిపోయింది.

తోడేలు వచ్చింది. వాగు దారి మూసి ఉంది. చుట్టు తిరిగి మైదానానికి వెళ్తే, అక్కడ కంచె లేని కార్యాలయం ఉంది. సూదయ్య తన ముళ్లు తాను విప్పుకుని కూర్చున్నాడు, వాటికి టెండరు అక్కర్లేదు. తొండ రాతి సందులో దూరింది. రాయుడు గరికమ్మ ఇంటి పక్క చెట్టుకు పరుగెత్తి, పొట్ట బరువుకు మొదటి పంగ దగ్గరే ఆగిపోయాడు. బారెడు తోక కిందికి వేలాడింది.

"గరికమ్మా, నీ కంప ఇటు తోయి తల్లీ, చెట్టు మొదట్లో అడ్డం పెట్టుకుంటాను."

కంప సందులోంచి ఒక మోదుగాకు బయటికి వచ్చింది.

"ఇది పన్ను రసీదు. దీన్ని పెట్టుకోండి బాబూ."

తోడేలుకు చదువు రాదు. రాయుడికి సగం తోకే మిగిలింది. ఇప్పుడాయన తోకల సంరక్షణ కమిటీకి అధ్యక్షుడు.

నీతి: కంచే చేను మేయాలన్నా ముందు కంచె అంటూ ఒకటి వేయాలి, ఆరితేరినవాళ్లు ఆ ఖర్చు కూడా పెట్టుకోరు.