కమాండర్ గారి పదవీ విరమణ

‘శనిగ్రహ రక్షకులు’ అనే వీడియో గేములో చాలా ఏళ్లుగా అంతరిక్ష నౌకను కాపాడుతున్న కమాండర్ దండపాణి, వయోభారం కారణంగా విధుల నుంచి తప్పుకుంటున్నట్టు ఆ గేము కంపెనీ సవినయంగా ప్రకటించింది.

కమాండర్ గారు మనిషి కాదు, కంప్యూటర్ ప్రోగ్రాము. ప్రోగ్రాముకు వయసు మీద పడకూడదని ఏ చట్టంలోనూ లేదు. శత్రునౌక వస్తోందని ఆయన హెచ్చరించేలోపు అది వచ్చి, కాల్చి, వెళ్లిపోయేది. కొత్త ఫోన్లలో ఆయన తలుపు వదిలేసి గోడలోంచి నడిచేవారు.

ఆయనను తయారుచేసినవాడు సంతోష్‌నగర్ వాసి వామన్‌రావు. గొంతు కూడా వామన్‌రావుదే. మొదట్లో గొంతుకు వేరే మనిషిని పెట్టే స్తోమత కంపెనీకి లేకపోయింది.

మేనేజరు శ్రీహిత వామన్‌రావును గదిలోకి పిలిచింది.

“సార్, కమాండర్ స్లో అయిపోయిండు. యంగ్ లుక్ కావాలె.”

“కొంచెం టైమియ్యమ్మా. మల్ల ఉరికిస్త.”

“కమాండర్ లేకపోతే మీకు ప్రాజెక్ట్ కూడా లేదు సార్. అర్థం చేసుకోండి.”

వామన్‌రావు అర్థం చేసుకున్నాడు. కమాండర్ పటానికి శాలువా కప్పి, కేకు కోసి, ఘనంగా వీడ్కోలు పలికారు. వామన్‌రావుకు ఈమెయిలు పంపారు. అందులో ఆయన పేరు ‘వామనరవి’ అని పడింది.

“పోనీయండి, ఇన్నేండ్లు జేసిండ్రు. కాళ్లు జాపి కూసోండి” అంది భార్య సులోచన.

“కూసుంటే నిజంగనే ముసలోన్నయిత” అన్నాడాయన.

ఈలోగా యువత మేల్కొంది. కమాండర్‌కు జరిగిన అన్యాయం మీద లక్షల సంతకాలు పోగయ్యాయి. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ధర్నా జరిగింది. స్థానిక నాయకుడొకాయన విచ్చేసి, “అనుభవాన్ని నడిరోడ్డు మీద పడేసే సంస్కృతి మనది కాదు. కమాండర్ గారి కుటుంబానికి జల్‌పల్లిలో ఇంటిస్థలం ఇప్పించే పూచీ నాది” అన్నారు. కమాండర్ సైన్యంలో పనిచేశారని ఆయన అభిప్రాయం. జనం చప్పట్లు కొట్టారు.

అదే సమయానికి వామన్‌రావు వేరే కంపెనీలో ఇంటర్వ్యూకు స్కూటరు మీద వెళ్తూ అక్కడ ఇరుక్కున్నాడు. ధర్నా నడిపిస్తున్న బబ్లూ అనే యువకుడు అడ్డం వచ్చాడు.

“బండి మలుపు అంకుల్. పెద్దమనుషుల ఇజ్జత్ కోసం లొల్లి జేస్తున్నం, కనబడ్తలేదా?”

“ఇంటర్వ్యూ ఉంది బిడ్డా. జర పోనీయి.”

“గీ వయసుల ఇంటర్వ్యూ ఏంది అంకుల్? ఇంట్ల రెస్ట్ తీస్కోరాదు?”

వామన్‌రావు గొంతు సవరించుకుని, గేములో పలికినట్టే పలికాడు: “రక్షకులారా, దారి విడువండి.”

చౌరస్తా అంతా ఈలలు మోగాయి.

“మిమిక్రీ మస్తుంది అంకుల్” అని బబ్లూ భుజం తట్టాడు. “గానీ ఒరిజినల్‌ల ఉన్న దమ్ము లేదు.”

దారి మాత్రం ఇవ్వలేదు. ఇంటర్వ్యూ సమయం దాటిపోయింది. సమయపాలన లేని వారిని తీసుకోలేమని ఆ కంపెనీ మర్యాదగా తెలియజేసింది.

ప్రజాభిప్రాయానికి తలవంచి, కమాండర్‌ను యావజ్జీవం కొనసాగిస్తామని గేము కంపెనీ ప్రకటించింది. రికార్డు చేసిన పాత మాటల నుంచి అదే గొంతుతో కొత్త మాటలు పుట్టించే యంత్రాన్ని కొన్నారు కాబట్టి వామన్‌రావుతో పని పడలేదు. విజయానికి గుర్తుగా చౌరస్తాలో కమాండర్ విగ్రహం వెలిసింది. భుజాన తుపాకి, మీద నిజం శాలువా.

చూద్దామని సులోచన పట్టుబట్టి భర్తను తీసుకెళ్లింది. విగ్రహం దగ్గర బబ్లూ, స్నేహితులు ఉన్నారు.

“ఆ గొంతు ఈయనదే బాబూ” అంది ఆమె, ఉండబట్టలేక.

“అట్లనా ఆంటీ. మా చాచా గూడ గట్లనే అంటడు” అని బబ్లూ నవ్వి, వామన్‌రావు చేతిలో ఫోను పెట్టాడు. “జర ఒక ఫోటో కొట్టు అంకుల్. కమాండర్ పూరా రావాలె.”

వామన్‌రావు రెండడుగులు వెనక్కి వేసి, జాగ్రత్తగా తీశాడు. ‘పెద్దలను గౌరవిద్దాం’ అన్న మాటతో ఆ ఫోటో ఊరంతా తిరిగింది. మీలో చాలామంది లైకు కొట్టారు కూడా. చాలా చక్కగా వచ్చింది, కమాండర్ తప్ప ముసలివాళ్లెవరూ అందులో పడలేదు.